తివాచీల కమ్మీ

మా ఆవరణలో చెట్టు లేదు.
రెండు స్తంభాల మీద అడ్డంగా
ఒక ఇనుప కమ్మీ ఉండేది, తివాచీలు దులపడానికి.

శనివారం పొద్దున్నే మొదలయ్యేది దబదబ.
నాలుగంతస్తుల గోడలు
ఒకదాని దెబ్బ ఒకటి తిప్పికొట్టేవి.
పెలాగియా గారు పళ్ళు బిగించి బాదుతుంటే
చచ్చిపోయిన మొగుణ్ణి కొడుతోందనేవాడు లేషెక్.
వాడికి తొమ్మిదేళ్ళు, నాకు ఎనిమిది.
పడీ పడీ నవ్వేవాళ్ళం.

మిగతా ఆరు రోజులూ కమ్మీ మాదే.
మోకాళ్ళు తగిలించి గబ్బిలాల్లా వేలాడేవాళ్ళం.
మిర్కా జడలు మట్టిని ఊడ్చేవి.
అలా చూస్తే వూచ్ నగరమంతా
ఆకాశంలో కాళ్ళు పెట్టుకు నిలబడేది.
మిల్లు గొట్టాలు పొగని కిందికి వొంపేవి.
రెండో షిఫ్టు దిగిన అమ్మ
నెత్తి మీద నడుస్తూ వచ్చేది,
జుట్టు నిండా నూలు పీచుతో.
జూలైలో కూడా అది మంచే అనుకునేదాన్ని.

వీధి మలుపులో సోడా బండి.
ఒకే ఒక గ్లాసు, పేటంతటికీ.
చిమ్మే నీళ్ళ మీద ఒకసారి బోర్లించి
మళ్ళీ నింపి ఇచ్చేవాడు.
రోగాలొస్తాయని అమ్మ అరిచేది.
ఎవరికీ ఏమీ రాలేదు,
వచ్చినా ఆ గ్లాసు మీద ఎవరూ వెయ్యలేదు.

సరుకొచ్చిందని అనేవాళ్ళు కాదు మా ఊళ్ళో,
"పారేశారట" అనేవాళ్ళు.
ఏం పారేశారో తెలియకుండానే వరసలో నిలబడేవాళ్ళం.
ఊదారంగు పెన్సిల్‌తో నా అరచేతిలో
నలభై ఏడు అని రాసింది నానమ్మ.
చెమటకి చెరిగిపోతుందేమోనని
ఆరు గంటలు పిడికిలి విప్పి ఉంచాను.
దక్కినవి నాలుగు స్నానపు టోపీలు.
మా ఇంట్లో స్నానాల తొట్టి లేదు.
"నిలబడ్డాక కొనకపోతే ఎలా" అంది నానమ్మ.
ఆ చలికాలమంతా జామ్ సీసాలు
గులాబిరంగు టోపీలు పెట్టుకుని కూర్చున్నాయి.

క్రిస్మస్ ముందు రేడియోలో చెప్పేవారు,
క్యూబాలో నారింజల ఓడ బయల్దేరిందని.
మిర్కా అట్లాసులో గుండుసూది గుచ్చి
రోజూ ఓడని జరిపేది.
ఆ సూది రేవు చేరకముందే
ఎనభై ఒకటి డిసెంబరు వచ్చింది.

తెల్లారకముందు బూట్ల చప్పుడు.
మూడో అంతస్తు తలుపు.
లేషెక్ వాళ్ళ నాన్న
పైజమా మీదే కోటు తొడుక్కున్నాడని
తర్వాత పెద్దవాళ్ళు గుసగుసలాడారు.

ఆ మధ్యాహ్నం వాడు కమ్మీకి తలకిందులుగా వేలాడాడు.
దిగలేదు.
మంచు పడుతూనే ఉంది.
మొహం బీట్‌రూట్ అయిపోయింది.
తలకిందులైతే కన్నీళ్ళు
నుదుటి మీదుగా టోపీలోకి పోతాయని
వాడెలా కనిపెట్టాడో.
మేం లెక్కపెట్టడం మొదలుపెట్టి
ఎక్కడో ఆపేశాం.

అప్పుడొచ్చింది పెలాగియా గారు, భుజాన తివాచీ వేసుకుని.
శనివారం కాదది.
దులుపుడు కర్ర తేలేదు.
ఒక్క మాటా అనలేదు.
వాడి తల కింద మంచు మీద
తివాచీ పరిచి, మడతలు సరిచేసి
మెట్లెక్కి వెళ్ళిపోయింది.
ఎంతసేపటికో వాడు మెత్తగా పడ్డాడు.

మొన్న రాత్రి ఫోన్ చేశాడు.
గ్దీన్యాలో ఉంటున్నాడిప్పుడు, మనవరాలు పుట్టిందట.
"ఆ రోజులే వేరే" అన్నాడు.
నాకు ఒళ్ళు మండింది.
ఏం వేరే? సబ్బు లేదు, మాంసం లేదు,
మీ నాన్న మే నెలదాకా లేడు.
ఉన్నవల్లా మన మోకాళ్ళే,
వాటికప్పుడు నొప్పి తెలీదు, అంతే.

తర్వాత మెల్లిగా అడిగాను తివాచీ సంగతి.
"ఏ తివాచీ?" అన్నాడు.

నారింజలు మాత్రం గుర్తున్నాయట.
"పచ్చివి కదా, తొక్క వలిస్తే గోళ్ళు విరిగేవి" అన్నాను.
"కాదే, తేనెలా ఉండేవి" అన్నాడు.
చాలాసేపు పోట్లాడుకున్నాం.