జీడి మరక

అమ్మ వేళ్ళు ఎప్పుడూ నల్లగానే ఉండేవి.
కాశీబుగ్గ బట్టీలో పగలంతా జీడిపిక్కలు కొట్టి,
బూడిద రాసి తోమినా వదలని నలుపు.

రాత్రి ఎనిమిదికి చాప పరిచేది.
"కూకోండ్రా."
అంతే, ఇంకో మాట లేదు.
నాన్నకి చదువు రాదు, అయినా
బైబిలు ఆయన ఒళ్ళోనే ఉండాలి.
పేజీ తిప్పేది అమ్మ,
కూడబలుక్కుని చదివేది నేను.

పొద్దున చీటీ డబ్బుల మీద తగువై
ఒకరి మొహం ఒకరు చూసుకోని రోజున కూడా
ఆమేన్ మాత్రం ఇద్దరి నోటా ఒక్కసారే వచ్చేది.

తుఫానుకి రేకులు లేచిపోయిన రాత్రి
ఇవాళ్టికి తప్పినట్టేలే అనుకున్నాను.
చీకట్లో, తడిగోడకి ఆనుకుని
నాన్న కీర్తన మొదలెట్టాడు
ఒక్క ముక్కా వదలకుండా,
నేను రోజూ తప్పు పలికే చోట
అచ్చం నాలాగే తప్పు పలుకుతూ.

ఈ రాత్రి గేటు డ్యూటీ దిగేసరికి పదకొండు.
పాప పడుకుంది. దాని తల్లి ఆవులిస్తోంది.
నాలో నమ్మకం ఎంతుందో, నిజానికి, నాకే తెలీదు.
పుస్తకం తెరిస్తే
పేజీ మూల నల్లటి బొటనవేలు.

చాప పరిచాను.