హెల్సింగోర్ దాకా, దిగకుండా

పటం పరిచాం వంటగది బల్ల మీద.
మడతల దగ్గర చిరిగి నార్వే రెండు ముక్కలైంది.
స్టాక్‌హోమ్ మీద హోల్గర్ కాఫీ కప్పు,
డెన్మార్క్ నిండా యాలకుల రొట్టె పొడి.
మార్చి నెల. కిటికీ బయట మంచు
పోనా మాననా అని ఇంకా నసుగుతోంది.

"జూన్‌లో వెళ్దాం," అన్నాను,
"చీకటి పడేలోగా చేరాలనే బెంగ లేని నెల."
"కారులో," అన్నాడు హోల్గర్.
నేను చెంచా కడగడానికి లేచాను.
అప్పటికే కడిగిన చెంచా అది.

కారులో అయితే, అని మొదలెట్టి
వేలితో నడుపుకుంటూ పోయాడు:
యెటెబోరి, ఓస్లో, కొండలెక్కి దిగితే బెర్గెన్,
ఎక్కడ సొరంగం, ఎక్కడ మలుపు,
ముప్ఫై ఏళ్ళ కిందట ఎక్కడ దుప్పి అడ్డమొచ్చి
మా పసుపు వోల్వో ఒక దీపం పోగొట్టుకుందో
అన్నీ కంఠతా.
ఆ వేలు వణకలేదు.
కానీ బోడో దగ్గర రోడ్డు వదిలి
సముద్రంలోకి దిగి, ఉత్తరంగా ఈదుకుంటూ పోయింది.
అతనికి తెలియలేదు.
నేను చెప్పలేదు.

ఫిబ్రవరిలో కళ్ళ డాక్టరు,
మా వీధి సీగ్‌రిద్ మనవరాలే,
లైసెన్సు పుచ్చుకుంటూ క్షమించమంది.
తాళంచెవి మాత్రం ఇంకా గుమ్మం పక్క కొక్కేనికే ఉంది.
ఆదివారం ఆదివారం దాన్ని తుడుస్తాడు.
నాకు నడపడం వచ్చు. నలభై ఏళ్ళుగా నడుపుతున్నాను,
అతను పక్కన లేనప్పుడు.
పక్కన ఉంటే నా కాలికన్నా ముందు
అతని కాలు తొక్కుతుంది,
అక్కడ లేని బ్రేకుని.

విమానం మాట మా అమ్మాయి తెచ్చింది ఫోన్లో.
రెండు గంటల్లో ట్రోమ్సో అట.
రెండు గంటల్లో అయిపోయేదానికి
మార్చి నుంచీ పటం పరుచుకోవడం దేనికి?
పైనుంచి చూస్తే ఏ దేశమైనా
ఉతికి ఆరేసిన దుప్పటే.

ఓడ, అన్నాను. బెర్గెన్ నుంచి పైకి,
రేవు రేవునా ఆగి సరుకు దించే ఓడ.
ధర కాగితం అందుకుని ముక్కు దాకా తెచ్చుకున్నాడు.
"సున్నాలు మాత్రం బాగా కనబడుతున్నాయి," అన్నాడు.

సరే, రైలు. స్టాక్‌హోమ్‌లో సాయంత్రం ఎక్కితే
రాత్రి రాదు, తెల్లారడమూ ఉండదు,
లెక్క తప్పేదాకా బిర్చి చెట్లు,
కిరూనా, ఇనుపరాతి బళ్ళు, ఆ పైన నార్విక్.
"రైల్లో మనం ఊరికే కూర్చుంటాం. వెళ్ళేది అదీ," అన్నాడు,
అదేదో నేరమైనట్టు.
అందరి కుందేళ్ళకీ మూడే కాళ్ళు.
హోల్గర్ కుందేలుకి నాలుగు చక్రాలు.

పటం మడిచాను. నార్వే పైముక్క నేలన పడింది.
"కోటు వేసుకో," అన్నాను.

హెల్సింగ్‌బోరి రేవు. అవతల డెన్మార్క్,
కోట మీద పచ్చబడిన రాగి కప్పులు.
పెళ్ళికి ముందు ఈ పడవే ఎక్కేవాళ్ళం.
అవతల దిగేవాళ్ళం కాదు.
తిండి అయ్యేదాకా అటూ ఇటూ, అటూ ఇటూ.
మా ఊళ్ళో దానికో మాటే ఉంది.
పైవాళ్ళకి చెబితే నవ్వుతారు,
ఎక్కడికీ వెళ్ళకపోవడానికి టికెట్టా అని.

రొయ్యల రొట్టె తెచ్చాను. కిటికీ పక్క బల్ల.
మొదటిసారి దాటేటప్పుడు మాటల్లేవు.
రెండోసారి గాలి గురించి.
మూడోసారి, డెన్మార్క్ వెనక్కి జరుగుతుంటే,
"ఆ కోటకి అంచులే కనబడుతున్నాయి, మాయ్కెన్.
నడుమంతా పొగ," అన్నాడు.

ఏమనాలో తోచక ఉప్పు అందించాను.

ఉప్పు వేసుకున్నాడు. చాలాసేపు నమిలాడు.
"నార్విక్ రైల్లో కింది బెర్తు అడుగు.
కిటికీ వైపు నువ్వు కూర్చో.
కనబడిందల్లా చెబుతూ ఉండు. దుప్పుల్ని వదలకు."
"బిర్చి చెట్లు కూడానా?"
"చెట్లు వద్దు."

నాలుగోసారి కదిలాం.
"ఇప్పుడేం కనబడుతోంది?" పరీక్ష పెడుతున్నాడు.
"కమ్మీ మీద ఒక సముద్రపు పిట్ట.
అచ్చు మీ నాన్న చూపు."
నవ్వాడు. పడవ రేవులోకి తిరుగుతోంది.
"ఈ నడిపేవాడెవడో గానీ
బొత్తిగా తొందర మనిషి," అన్నాడు.

బల్ల కింద అతని కాలు
బ్రేకు తొక్కింది.