నలభై గ్రాములు

తెల్లారకముందే పందుల పాకలో కాటా కట్టాం.
ఒక్కో పిల్లనీ గోనెసంచిలో వేసి తగిలిస్తే
సంచి కేకలేస్తుంది, ముల్లు ఊగుతుంది.
ఆ ఊగేదాన్లోంచి ఒక అంకె పట్టుకుని
రాసేవాణ్ణి నేను.

కుడిచెవి గాట్లు ఈతవి, ఎడమవి పిల్లవి.
సీమజాతి తెల్లది పదిన్నర.
నాటురక్తం కలిసిన మచ్చలది పదకొండుంబావు.
"సంకరమే గెలిచింది సార్!" అన్నాడు కొత్తగా చేరిన మునిశేఖర్.
అది పెళ్లినాటి ఊపురా,
పిల్లలకి పూర్తిగా రాసివ్వలేని ఆస్తి.

ఎరుకల కుప్పమ్మకి కాటా అక్కర్లేదు.
వెనక్కాళ్లు పట్టి ఒక్కసారి ఎత్తితే చాలు.
"పోయినేడు కొండకి జనం తక్కువ సామీ,
అలిపిరి కాడ హోటళ్ల కుడితి పల్చన,
మా పిల్లలూ పల్చన.
ఈయేడు రద్దీ, తూకం పెరిగె.
ఇందులో జనం వంతెంత? నెత్తురు వంతెంత?"

రాత్రంతా లెక్క.
మేత తీసేశాను, వాన తీసేశాను,
తల్లి పాలు కూడా తీసేశాను.
తొమ్మిది తరాలు వడగడితే
ఏడాదికి నలభై గ్రాములు.

పొద్దున్నే చెప్పాను.
కుప్పమ్మ తవుడంటిన అరచెయ్యి చాపింది:
"ఏదీ, ఇందులో పెట్టు."