మట్టం

సన్న పైపుల నీళ్లు నింపి
ఈ కొన నేను పట్టుకుంట, ఆ కొన టెక్ బహదూర్.
ఆయనది నేపాలు, నాది జగిత్యాల దిక్కు.
మాటలు కలువకున్నా
బొటనవేళ్లు తీసినమంటే
ఆడ ఎంతనో ఈడ అంతనే నిలవడ్తయి నీళ్లు.
పైపుల గాలిబుడగ ఉంటే మాత్రం
నీళ్లు సుత అబద్ధమాడ్తయి.

సహమ్‌ల హమూద్ ఇంటికి
పునాది గీత కొట్టిన నాడు బుడగ లేదు.
రోడ్డు కన్న జానెడు కిందికొచ్చింది గడప.
వచ్చీరాని అరబ్బీల చెప్పిన:
మోయా ఈజీ దాఖిల్, అర్బాబ్,
నీళ్లు లోపటికొస్తయని.
ఆయన నవ్వి ఆకాశం చూపెట్టిండు,
కడిగి బోర్లించిన తపాలె లెక్కుంది.
తర్వాత కారు చూపెట్టిండు.
తలుపు తీసుకొని, కాళ్లు బయటేసి, వాళ్లమ్మ.
రెండు మోకాళ్లకు రెండు చేతులు.
"ఒక్క మెట్టు సుత వద్దు" అన్నడు.

ఇగ నేనేమంట?
తల్లి మోకాళ్ల ముంగట నా మట్టమెంత?
గీత కొట్టిన.

రెండేండ్లు చినుకు లేదు.
బల్దియోళ్లొచ్చి రోడ్డు మీద రోడ్డేసిండ్రు,
మళ్లొచ్చి దాని మీద ఇంకోటేసిండ్రు.
(మాకాడ సుత బల్దియ అనే అంటం.
పేరొక్కటే, పనీ ఒక్కటే.)
జానెడు మూరెడయింది.
ఇల్లు దిగలే, ఊరే లేసింది.

మూడో చలికాలం, తెల్లారగట్ల ఫోను.
కొండల దిక్కు ఎండిన వాగు
ఒక్క రాత్రిల యాదికి తెచ్చుకుంది తన తొవ్వ.
పికప్‌ల మోటరేసుకొని పోయినం.
నీళ్లు గడప తట్టి రాలేదు.
సెప్టిక్ ట్యాంకు నిండి
బాత్రూం జాలీల నుంచి గుడగుడమని,
దొంగ కాదు, ఇంట్ల మనిషే లేసొచ్చినట్టు.
మజ్లిస్‌ల తివాచీ తేలుతాంది,
కావా చెంబు తలుపు కాడ తిరుగుతాంది
ఎటు పోవాల్నో తెల్వక.

ముసలామె మంచం మీదుంది.
నాలుగు కోళ్ల కింద ఇటుకలు పెట్టి లేపినం.
ఆమె వంగి, జానతోటి కొలిచింది
పరుపు నుంచి నీళ్ల దాకా. మళ్లొకసారి.
నా లెక్కనే ఆమె సుత మట్టం చూస్తాంది.
చూసి, కొడుకుతోని ఏమో అని నవ్వింది.
హమూద్ నవ్వలే. నాకు చెప్పిండు:
"దిగాల్నంటే ఇప్పుడు మెట్టు గావాల్నట."

రెండు ఇటుకలు, మీద సిమెంటు సంచి మడతేసి
కట్టినమట్టే కట్టినం, ఆ ఇంటికి మొదటి మెట్టు.

మోటరు నడుస్తాంది. పైపు నా చేతిల.
యాడ పొయ్యాలె?
రోడ్డు మీదికి పోస్తే మళ్లా లోపటికే.
గోడ అవతల పోస్తే
అవతల బలూచీ డ్రైవరు రేకుల ఇల్లు.
నీరు పల్లమెరుగునంటరు.
పల్లం ఎవలు చేసిండ్రో దానికేమెరుక?

అప్పుడు యాదికొచ్చింది
ఆషాఢంల జమున పంపిన మాట.
వినీ విననట్టు ఇడిసిపెట్టిన.
గోడకొరిగి మళ్లీ పెట్టుకున్న చెవు కాడ:
"మనిల్లు తడువలే. నువ్వన్నట్టే
నాలుగు ఫీట్లు లేపినం గద బేస్మెంటు.
మన నీళ్లన్ని మల్కవ్వ ఇంట్లకు పోయినయి.
పొయ్యి మునిగింది.
మన మెట్ల మీద కూసోని వండుకుంటాంది.
ఏమంటలేదు.
ఏమన్నంటే మంచిగుండు."

ఎండ ఎక్కేదాక మోసినం.
సగం ట్యాంకర్లకెత్తి, సగం
ఖర్జూరం చెట్ల పాదుల్లకు మళ్లిచ్చి.
ఉప్పు నీళ్లు, చెట్లేమంటయో చూడాలె.

పగటీలి జమునకు చేసిన.
పడమటి గోడెంబడి కాల్వ తియ్యమన్న,
మన జాగల నుంచే, రెండు ఫీట్లు పోతే పోనీ.
ఎంత వాలు పెట్టాల్నని అడిగింది.
అటుక మీద నా పాత పైపుంటది,
నీళ్లు నింపు, బుడగ లేకుంట చూడు.
ఒక కొన నువ్వు పట్టుకో.
ఇంకో కొన మల్కవ్వను పట్టుకొమ్మను.