ఏం మోస్తావు, ఎక్కడ దిగుతావు

బిష్కెక్ శివార్లలో, పాత కంటైనర్లే దుకాణాలైన సంత.
ఏప్రిల్ వాన రేకుల మీద తొందర తొందరగా మాట్లాడుతోంది.
బురుల్ చేతిరుమాలు విప్పి
అరిగిన బ్రేకు ప్యాడ్ బల్ల మీద పెట్టింది,
ఊడిన పన్ను వైద్యుడికి చూపినట్టు.

రెండు మిల్లీమీటర్లు. ఒక మూల అదీ లేదు.
వెనక ఇనుప పలక నీలం తిరిగింది,
మాడిన పాలగిన్నె అడుగులా.

తుర్దుబెక్ బండి పేరు అడగలేదు.
ఏం మోస్తావు, అన్నాడు. ఎక్కడ దిగుతావు?

తేనెపెట్టెలు, అంది. నలభై రెండు.
తో-అషూ సొరంగం దాటి సుసామిర్ లోయలోకి, రాత్రిపూట.
ఎండెక్కితే లోపల మైనం కుంగిపోతుంది,
ఎక్కడా ఆగకూడదు.
అతను నవ్వబోయి మానేశాడు.
ఆగకుండా పోయేవాళ్లకే కావాలమ్మా, ఆగడం.

పై అరలోంచి ఎర్రడబ్బా దించాడు. చవక.
పైన పటారం, అంటూ తనే గోటితో గీశాడు.
లోన లొటారం బల్ల మీద పొడిగా రాలింది.

రెండోది సిరామిక్. దుమ్ము రాల్చదు, కిక్కురుమనదు.
పిల్లల్ని బడిలో దింపే కారుకైతే బంగారం.
మూడున్నర టన్నులు వీపు మీద తోస్తుంటే మాత్రం
పదో మలుపు దగ్గర పెడల్ మెత్తబడుతుంది,
నానిన రొట్టె మీద కాలేసినట్టు.

ఆ మెత్తదనం ఆమెకి తెలుసు.
నిరుడు జూన్. రోడ్డు పక్క పోసిన కంకరగుట్ట
బండిని ఒళ్లోకి తీసుకుంది.
మూడు పెట్టెలు పగిలాయి.
చీకట్లో తేనెటీగలు ఎగరవు, పాకుతాయి.
మోచేతుల మీద, మెడ మీద, కనురెప్పల మీద.
తెల్లవారేదాకా ఆమె
తన ఊపిరికి తనే మూత పెట్టుకుని కూర్చుంది.
ఇది తుర్దుబెక్‌కి చెప్పలేదు.

మూడోది కింది అరలోంచి.
నల్లగా, గరుకుగా, లోహపు రవ్వలతో, అరచేతిని కిందికి లాగే బరువు.
వేడికి ఓరుస్తుంది, అన్నాడు. కానీ డిస్కుని తింటుంది.
చలి పొద్దుల్లో అరుస్తుంది కూడా. నీ ఈగలకి పడుతుందో లేదో.
వాటికి మనలాంటి చెవులు లేవు, అంది బురుల్.
వణుకు తెలుస్తుంది. నా కాలి వణుకు కూడా.

ఆ దేశంలో డబ్బు పేరే సొమ్.
నాలుగు వేల ఆరువందలు, రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది.
చిల్లరతో పాటు సలహా ఇచ్చాడు:
ముందు ఖాళీ బండి. యాభై నుంచి పదికి, ముప్ఫైసార్లు.
పూర్తిగా ఆపకు. డిస్కూ ఇదీ ఒకదాన్నొకటి ఎరగాలి.
మొదటిరోజే కొండ చూపించకు.

జూన్ మొదటివారం, మూడో గేరులో దిగింది.
ప్రతి మలుపులోనూ ప్యాడ్లు గొంతు చించుకున్నాయి,
వెనక నలభై రెండు పెట్టెలు ఒకటే శ్రుతి.
పెడల్ గట్టిగానే ఉంది. అయినా పదో మలుపులో
ఆమె కాలు ముందే భయపడింది.

లోయలో పచ్చిక ఇంకా తడి. పెట్టెలు దించింది.
పదిహేడో పెట్టె మూత వదులు, గాలికి లేస్తోంది.
రాయి కోసం చూసి, దొరక్క,
డ్యాష్‌బోర్డులోంచి ఆ పాత ప్యాడ్ తెచ్చి పెట్టింది.

మూత కదల్లేదు.
ఒక ఈగ వచ్చి ఆ నీలం మీద వాలి,
పువ్వు కాదని తెలిసినా
కాసేపు ఉంది.