నిమిషానికి ఎన్ని చుక్కలు

నాలుగేళ్ల నర్సింగు చదువును
ఇరవై నెలల్లోకి కుక్కి ఇస్తామన్నారు, అజ్మాన్‌లో.
కుక్కడం నాకేం కొత్త కాదు.
ఆకివీడు రొయ్యల షెడ్డులో
తలకీ తోకకీ సందు లేకుండా ఐసులో పేర్చి
వేళ్లు తెల్లగా మొద్దుబారినదాన్ని.
కిలోకి ఎన్ని తూగుతాయో చూపుతోనే చెప్పేదాన్ని.

సీటు ఇచ్చేముందు ముగ్గురు కూర్చుని అడిగారు,
"నర్సింగే ఎందుకు, సువార్తా?"
సేవ, కరుణ, దేవుడి పిలుపు –
రాత్రంతా బట్టీపట్టిన మూడు ముక్కలూ
గొంతులో అడ్డం పడ్డాయి.
"ఆరేళ్లు పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చున్నానండీ.
వచ్చిన ప్రతివాళ్లనీ ఇన్సూరెన్సు కార్డుందా అనే అడిగాను.
ఎక్కడ నొప్పి అని అడిగే పని నాది కాదు.
ఆ పని కావాలి."
ఇద్దరు రాసుకున్నారు.
మూడో ఆవిడ పెన్నుకి మూత పెట్టేసింది.
అది మంచికో చెడుకో తెలీక
పదకొండు రోజులు తిన్నది ఒంటబట్టలేదు.

చేరినప్పుడు ఇరవై ఆరుగురం.
మందుల పరీక్ష నాటికి ఇరవై.
ఎండలు ముదిరాక లెక్కపెట్టడం మానేశాం.
హాజరు పిలుస్తూ, వెళ్లిపోయినవాళ్ల పేరు రాగానే
మేడమ్ కాస్త నెమ్మదించి దాటేది
స్పీడుబ్రేకరు మీద బస్సులా.

రోలాలో నాకు అద్దెకున్నది గది కాదు, మంచం.
అదీ పైది.
కింద మరిసెల్ నిద్రపోవాలి, ఐదింటికి తన డ్యూటీ.
దుప్పట్లో ఫోను లైటు వేసుకుని
ఎముకల పేర్లు పెదాలతోనే చదివాను.
ఒక్క మణికట్టులో ఎనిమిది.
ముప్ఫై మూడేళ్లు వీటితోనే అన్నం వండాను, రొయ్యలు వలిచాను,
ఒక్కదాని పేరైనా అడగలేదు.
ఫీజుకి అమ్మిన గాజుల జాడ
వాటి మీద ఇంకా తెల్లగానే ఉంది.

ఆగస్టులో బస్సు దిగితే
కళ్లజోడు ముందు గుడ్డిదవుతుంది, తర్వాత మనం.

ఇక్రామ్‌ది సూడాన్. దానికి లెక్కలు రావు, నాకు అరబ్బీ రాదు.
అది నాకు 'వేన్ అల్ అలమ్' నేర్పింది, ఎక్కడ నొప్పి అని.
నేను దానికి చుక్కలు నేర్పాను.
లీటరు సెలైను, ఎనిమిది గంటలు,
మిల్లీలీటరుకి ఇరవై చుక్కలు.
నిమిషానికి ఎన్ని?
"నలభై రెండు!"
నలభై రెండు కౌంటు రొయ్యకి మా ఊళ్లో మంచి రేటే అన్నాను.
పకపకా నవ్వి, నవ్వుతూనే బల్ల మీద తల వాల్చేసింది.
ఖార్తూమ్‌కి ఫోను కలవక తొమ్మిది రోజులట.
ఏమనాలో తోచలేదు.
కాసేపయ్యాక తనే అంది,
ఇంకో లెక్క ఇవ్వు.

వార్డులో మొదటి సూది ఉమ్ సయీద్‌కి.
ఎనభై దాటిన చేయి,
గోరింటాకు నలుపు కింద నరం దొరకలేదు.
రెండోసారీ దొరకలేదు.
రెండుసార్లే గుచ్చాలి, ఆ తర్వాత వేరొకరికి వదిలేయాలి, రూలు.
"పిల్లని చెయ్యనివ్వండి" అంది అవ్వ, అరబ్బీలో.
అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేది.
సిస్టరు ఒప్పుకోలేదు, తనే వచ్చి
ఒక్క పోటుకి ఎక్కించేసింది.

మర్నాడు నేను వెళ్లేసరికి
అవ్వ నిద్రలో ఉంది.
దుప్పటంతా మెడదాకా ఉంది కానీ
ఒక్క చేయి మాత్రం బయట,
అరచేయి పైకి.
అది నాకోసమేనో, ఉక్కపోతకో
ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇంకా ఐదు నెలలు.
మూడు పరీక్షలు, ఒకటి రెండోసారి.
ఈ రాత్రి ఏసీ కారుతోంది బకెట్లోకి.
చెవి దానంతటదే లెక్కపెడుతోంది,
నిమిషానికి ముప్ఫై ఒకటి.
ఆ లెక్కన తెల్లారేదాకా బకెట్ నిండదు.
గంటా నలభై నిమిషాలు
పడుకోవచ్చు.