పద్నాలుగు తాళంచెవులు

రెకొలేటాలో ఇంకేం చూడాలని అడిగావు.
గోరీల తోట అయిపోయిందన్నావు,
పాలరాతి దేవతల రెక్కలన్నీ ఫోటోల్లో ఎక్కాయన్నావు.
ఒక్క కాఫీకి నా అరపూట కూలి ధారపోశావు;
నువ్వు చెప్పలేదులే,
బిల్లు నీ జేబులోంచి తొంగి చూస్తోంది.
సరే, ఈ కుక్కలు నీళ్ళు తాగేలోపు చెబుతాను.

రేపు చీకటితోనే లే.
అరెనాలెస్ వీధిలో ఆరింటికి
కాపలాదార్లు గుమ్మాల ఇత్తడి తోముతుంటారు.
ఎవారిస్తో గుమ్మం ముందు కాసేపు నిలబడు.
నిమ్మచెక్క, ఉప్పు, పాత చొక్కా పీలిక.
ఇరవై ఆరేళ్ళ తోముడుకి
తలుపు మీది సింహం ముక్కు అరిగి
పిల్లి అయిపోయింది.
"నా చేతి పనే" అంటాడు,
చెక్కినవాడికంటే గర్వంగా.

బెల్లుల పలక చదువు.
నాకు అదే దినపత్రిక.
రెండులో పళ్ళ డాక్టరు.
ఐదులో జంట ఇంటిపేర్లు, ఒకటి గీకేశారు,
పోయిన చలికాలం.
తొమ్మిదిలో పేరే లేదు.
అంత డబ్బుంటే పేరుతో పనేముంది!

అద్దాల లిఫ్టు ఎక్కకు.
వెనక ఇనుప జాలీది ఎక్కు,
పనివాళ్ళకీ కుక్కలకీ చెత్తకీ కట్టింది.
ఒక్కో అంతస్తూ ఒక్కో వాసనగా దిగిపోతుంది:
మాడిన ఉల్లిపాయ,
ఇస్త్రీ ఆవిరి, దాని వెనకే ఏడ్చే రేడియో,
ఏడో అంతస్తులో మాత్రం ఏ వాసనా లేదు.
ముందు గుమ్మం ఎన్ని కోతలు కోసినా
వంటింటి తలుపుకి అబద్ధం రాదు.

నేనుండేది ఇక్కడ కాదు.
ఒక బస్సు, ఒక రైలు, మళ్ళీ బురద.
కానీ ఈ పేట తాళంచెవులు నా మొలకి గలగలమంటాయి.
ఈ కుక్కలకి చలికోట్లున్నాయి,
ఆ బూడిదరంగు దానికి మనసు డాక్టరున్నాడు.
రోడ్డు దాటేటప్పుడు మాత్రం
అన్నీ కలిసి ఒకటే బెదురు కుక్క.

లెక్కపెట్టావా?
పదమూడే.
తాళాలు పద్నాలుగు.

బార్తోలో ఆగస్టులో పోయాడు.
ముసలి కుక్క, మెట్టు దగ్గర నీళ్ళు నమిలేవాడు
దిగాలా వద్దా అని.
తాళం తిరిగి ఇవ్వబోయాను.
దోన్యా లెయోంతీనా తీసుకోలేదు.
"నెల జీతం ఆపను. నువ్వు రావడం ఆపకు" అంది.
ఖాళీ ఇంటికి ఏం రానమ్మా అన్నాను.
ఎనభై ఏడేళ్ళ మనిషి,
గోడ మీది పట్టీ తీసి చేతికి చుట్టుకుంది.

అప్పట్నుంచి గురువారాలు నాలుగింటికి
వెనక లిఫ్టులోనే దిగుతుంది,
అరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఉండి
అది ఎక్కడుందో అడిగి తెలుసుకుంది.
ముత్యాల దండ, ఇంటి చెప్పులు.
కుక్కలు ఆగినచోట ఆగుతుంది.
ప్రతి చెట్టు మొదలూ
అవి చూసినంత శ్రద్ధగా చూస్తుంది.
మొదటి వారం వీధి చివర.
రెండోవారం పెద్ద రోడ్డుకి అవతల.
మొన్న రొట్టెలబండి దగ్గర
కాల్చిన సాసేజి కొనిపెట్టమంది,
కాలిబాట అంచున చతికిలబడి
మోచేతి దాకా నూనె కార్చుకుంటూ తింది.
ఎవారిస్తో చూసి కుర్చీ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.
"దాని మీద నువ్వు కూచో" అంది.
అతను కూచున్నాడు కూడా, పాపం,
చీపురు ఒళ్ళో పెట్టుకుని.

మనిషిని నడిపినందుకు
కుక్క రేటే తీసుకుంటున్నాను.
ఎక్కువ అడుగుదామా అని ఒకసారి అనిపించింది, దాచనెందుకు.

నువ్వు ఎల్లుండి దాకా ఉంటావుగా?
ఎల్లుండి గురువారమే.
ఫోటోలు వద్దు.
ఆవిడ ఖాళీ పట్టీ గురించి అడగొద్దు.
కూచోవాలంటే ఆ కాలిబాట అంచు పొడుగ్గానే ఉంది.

పదండ్రా, తాగింది చాలు.